ఎండాసురుడి కన్ను

చిత్రం అంటే బొమ్మ. విచిత్రం అంటే మన బొమ్మ మనతో ఒక్క మాటైనా చెప్పకుండా పోయి సినిమాలో వేషం కట్టడం. ఇక చిత్రవధ అంటే, ఆ సినిమాకు మనల్నే బస్సెక్కించి తీసుకొచ్చి, చేతిలో సమోసా పెట్టి, చప్పట్లు కొట్టమనడం. ఆ శుక్రవారం మధ్యాహ్నం, దోహాలో తెలుగు సంఘంవాళ్ళు అద్దెకు తీసుకున్న ఆడిటోరియంలో, వెనకనుంచి మూడో వరసలో కూర్చుని, నగేష్ ఈ మూడూ ఒకేసారి అనుభవిస్తున్నాడు.

తెర మీద ఒక రాక్షసుడు. ఒళ్ళు టవర్ క్రేన్, పొట్ట కాంక్రీటు కలిపే డ్రమ్ము, మూతి మంచినీళ్ళ కూలర్ కొళాయి, ఎడమ చెంప మీద శనగగింజంత పుట్టుమచ్చ. ఆకాశంలోంచి సన్నటి గీత ఒకటి దిగి వాడి వీపుకు తగులుకుని ఉంది. వాడు తుమ్మాడు. కొళాయిలోంచి సబ్బు బుడగలు ఎగిరాయి. ముందు వరసల్లో పిల్లలు కిలకిలా నవ్వారు. వాళ్ళ అమ్మలు ఎంత ముద్దుగా ఉన్నాడో అని మురిసిపోయారు.

నగేష్ గుప్పిట్లో సమోసా పొడి పొడి అయింది.

పక్కనే కూర్చున్న నర్సింలు మెల్లగా వంగాడు. కామారెడ్డివైపు మనిషి, వయసులో పెద్ద, నగేష్‌తో తొమ్మిదేళ్ళుగా ఒకే గదిలో కింది మంచం.

"గిది మన ఎండాసురుడే గదరా. వానికి గట్ల బుగ్గలెట్లొచ్చినయ్? షుగరొచ్చిందా?"

నగేష్ బదులు చెప్పాలంటే నోరు తెరవాలి. తెరిస్తే అందులోంచి వచ్చేవి బుడగలు కావు.

ఆ రాక్షసుడు అతని రాక్షసుడు. కన్నది అతనే, పెంచింది అతనే, రోజూ తిట్టుకున్నదీ అతనే.

నగేష్‌ది మెట్‌పల్లి దగ్గర పల్లె. ఒకప్పుడు గోడల మీద సిమెంటు, ఎరువుల ప్రకటనలు రాసేవాడు. ఊళ్ళోకి ఫ్లెక్సీలొచ్చాక అతని బతుకే ఫ్లెక్సీ అయిపోయి, వంగి వంగి గల్ఫ్ దాకా వచ్చి ఆగింది. కుంచె పట్టిన చేత్తో స్పానర్ పట్టి, ముప్పై రెండో అంతస్తులో పైపులు బిగించి పరంజా కట్టడం మొదలెట్టాడు. కంపెనీ అన్న మాటకు అతను చెప్పుకున్న అర్థం వేరు. ముందు 'కంపు', తర్వాత 'ఎనీ': ఎనీ టైమ్, ఎనీ డ్యూటీ, ఎనీ ఎండ. ఎండవేళ పని ఆపాలని రూలుంది. స్లాబు తొందరున్న రోజున రూలుకు సెలవిచ్చి మనుషులను పనికి పంపేవారు.

అలాంటి ఒక సెలవు దొరకని రోజున, బర్వా అల్ బరాహాలోని క్యాంపు గదిలో, నగేష్ ఎండాసురుణ్ణి గీశాడు. పూర్తికాని మేడ మీద కాలు మీద కాలేసుకు కూర్చుని, కింద పనిచేసేవాళ్ళ చెమటను గొట్టం పెట్టి పీల్చే రాక్షసుడు. మేడ ఎంత ఎత్తు లేస్తే వాడి దాహం అంత పెరుగుతుంది. వాడి మొహం ఎవరిదో క్యాంపులో అడిగినవాడు లేడు. గొడుగు నీడలో నిలబడి, ఎండలో నిలబడ్డవాళ్ళకు ఎండలో జాగ్రత్తల గురించి రోజూ ఉపన్యాసమిచ్చే సేఫ్టీ మేనేజర్ సత్యనారాయణమూర్తిగారిది. కళ్ళజోడు తీసేసి పుట్టుమచ్చ ఉంచాడు. ఆయనది సేఫ్టీ కాదు, సేఫ్‌గా టీ తాగడం అని నర్సింలు అప్పటికే తేల్చేశాడు.

ఆ బొమ్మల కథకు కాగితం ఎక్కడిదంటే, ఆ ఉపన్యాసానిదే. రోజూ పొద్దున హాజరు కాగితాల మీద సంతకాలో వేలిముద్రలో పెట్టించుకుంటారు. నెల దాటాక అవి చెత్తబుట్టలోకి పోతాయి. ఆఫీసు ఊడ్చే అమర్ అనే నేపాలీ వాటిని కట్టకట్టి తెచ్చేవాడు. ముందువైపు 'నీళ్ళు ఎక్కువ తాగండి' అని అయిదు భాషల్లో ఉండేది. వెనకవైపు ఎండాసురుడు ఆ నీళ్ళన్నీ తాగేసేవాడు.

క్యాంపు గేటు బయట తల్హా బకాలా, అంటే కిరాణా కొట్టు. దాంట్లో ఒక పాత జిరాక్స్ మిషను. కాపీలూ ఆ హాజరు కాగితాల వెనకవైపునే పడేవి. తల్హా లాహోర్ మనిషి, దిల్‌దార్. అతని మిషను అద్దం మీద చిన్న గాటుంది. అందువల్ల ఏ కాగితం తీసినా నడుమ నిలువునా ఒక నల్లటి గీత పడేది. మొదటి సంచికలో ఆ గీత సరిగ్గా ఎండాసురుడి నెత్తి మీదినుంచి పోయింది. మాఫీ ముష్కిల్ భాయ్, ఏం పర్వాలేదు, గీత ఫ్రీ అన్నాడు తల్హా. నగేష్ మరుసటి సంచికనుంచి గీత పడే చోటు ముందే కొలుచుకుని దాన్ని బొమ్మలో కలిపేశాడు. ఒక చోట క్రేను తీగ, ఒక చోట తాడు, ఒక చోట పైనుంచి కారే చెమట ధార. జిరాక్స్‌లో పుట్టిన రాక్షసుడు గనుక వాణ్ణి క్యాంపంతా జిరాక్షసుడని పిలిచింది.

ఆ కథకు ఒక రివాజుంది. ప్రతి సంచికలో చివరి గడిలో ఎండాసురుడి మొహం ఒక్కటే ఉంటుంది. మిగతాదంతా ఖాళీ. కాపీ ఏ గదికి పోతే ఆ గదివాళ్ళు ఆ మొహానికి ఏం చేయాలనుకుంటే అది చేస్తారు. ఒకరు చెప్పుల దండ వేశారు. ఒకరు ముక్కుకు తాడు పోశారు. బిహారీల గదివాళ్ళు మూడు మేకులు దించారు. పన్నెండు కాపీలు టిఫిన్ డబ్బాల అడుగున తిరిగి తిరిగి మళ్ళీ నగేష్ దగ్గరికి వచ్చేవి. వాటిలో అన్నిటికన్నా నచ్చిన గడి ఏదో నగేష్ గదిలో అందరూ చేతులెత్తి చెప్పేవారు. తర్వాతి సంచిక ఆ గడి దగ్గరే మొదలయ్యేది. ఎవడి పేరూ ఎక్కడా ఉండదు. పేరుంటే వీసా ఉండదు.

కథలో ఎండాసురుడికి ఎదురు నిలిచేవాడు బకెట్ వీరుడు. బకెట్ నెత్తిన బోర్లించుకుని మెట్లెక్కి నీళ్ళు మోస్తాడు. వాడు తిరుమల. నగేష్ పక్క ఊరి పిల్లగాడు, నగేషే వీసా మాట్లాడి పిలిపించుకున్నాడు. ఇనుప కడ్డీలు కట్టే పని. కట్టుతీగ కోసుకుని బొటనవేలికి అడ్డంగా గాటు పడింది, అది మానినా మచ్చ పోలేదు. చదువు రాదు, బొమ్మలంటే ప్రాణం. పదకొండు సంచికలైనా అతని గడి ఒక్కసారీ గెలవలేదు, ఎందుకంటే అతను ఒక్కసారీ వేయలేదు. నాకు గీసుడు రాదన్నా అనేవాడు. పన్నెండో సంచికకు మాత్రం ఈసారి చివరి గడి నాదే, ఎవ్వలు గెలిచినా సరే, నేనే ముగిస్త అని మాట తీసుకున్నాడు.

ఆ వారమే, స్లాబు తొందరున్న ఒక మధ్యాహ్నం, తిరుమల ముప్పై ఒకటో అంతస్తులో కడ్డీల మీద పడిపోయాడు. మూడు రోజులు ఆసుపత్రి, రెండు రోజులు గదిలో మంచం, ఆ తర్వాత విమానం. కిడ్నీలు రెండూ పోయాయి. అతను మంచంలో ఉన్నప్పుడే, నగేష్ డ్యూటీలో ఉండగా గదుల తనిఖీ జరిగింది. మూర్తిగారు స్వయంగా వచ్చి పరుపుల కింద వెతికి కట్ట మొత్తం పట్టుకుపోయారు. ఎవడు గీశాడని అడిగారు. క్యాంపంతా నోరు మూసుకుంది. అది ఏడేళ్ళ కిందటి మాట. తర్వాత నగేష్ గీయలేదు. తిరుమల గడి ఖాళీగానే పోయిందన్న ఒక్క సంగతి మాత్రం చేతిలో విరిగిన ముల్లులా ఉండిపోయింది.

ఇప్పుడు ఆ ముల్లును తెర మీద కోటింతలు చేసి చూపిస్తున్నారు.

సినిమా పేరు 'ఆకాశదారం'. బకెట్ వీరుడి బకెట్టు వెండి కిరీటమైంది. చెమట గొట్టం వేణువైంది. మేడ స్ఫటిక దుర్గమైంది. అయినా ఆ వంకర భుజాలు, ఆ మెట్ల తిరుగుడు, పక్షులన్నిటికీ సగం రెక్కే ఉండడం, అన్నీ నగేష్ చేతివే. అతనికి రెక్కలు పూర్తిగా గీయడం రాదు గనుక సగంలో ఆపేవాడు. వీళ్ళు ఆ సగం రెక్కలతోనే పక్షులను ఎగరేశారు. అంత కోపంలోనూ ఆ ఎగురుడు చూసి అతని ఒళ్ళు ఝల్లుమంది. దాంతో కోపం ఇంకో మెట్టెక్కింది.

చివరి దృశ్యం వచ్చింది. ఎండాసురుడి మొహం ఒక్కటే తెర నిండా. ఎదురుగా వీరుడు. రాక్షసుడి కుడికంట్లో నీటి బొట్టు తిరిగింది. వాడు నవ్వాడు. వీరుడు వాడి చెంప మీద, సరిగ్గా పుట్టుమచ్చ దగ్గర చెయ్యి వేసి క్షమించాడు. ఇద్దరూ చేతులు పట్టుకుని దారం పట్టి పైకి పోయారు. హాలంతా చప్పట్లు.

క్షమించాడట. ఎవడు క్షమించాడు? వారానికి మూడుసార్లు జగిత్యాల బస్సెక్కి రక్తం కడిగించుకుని వచ్చేవాడు ఏ రోజు, ఎవరికి చెప్పాడు క్షమించానని?

దీపాలు వెలిగాయి. స్టేజి మీదికి సినిమా తీసిన అమ్మాయి వచ్చింది. పేరు తన్మయి, ఇరవై ఒక్క ఏళ్ళు, ఇక్కడే యానిమేషన్ చదువుతోంది. తండ్రి సత్యనారాయణమూర్తిగారు ముందు వరసలో సూటు వేసుకుని కూర్చున్నారు, చెంప మీద శనగగింజతో సహా. సినిమాకు సహాయం చేసింది కంపెనీ. అందుకే వెనక ఏడు వరసలు నింపడానికి క్యాంపు బస్సులు.

తన్మయి చక్కగా మాట్లాడింది. తన సినిమాకు మూలం అండర్‌గ్రౌండ్ కామిక్స్ అంది. ఏ దేశంలోనైనా పేరు లేకుండా, అనుమతి లేకుండా, చాటుమాటుగా చేతులు మారే బొమ్మల కథలుంటాయని, పెద్ద పెద్ద ఫాంటసీ సినిమాల్లో మనం చూసే వింతలోకాలు చాలా వరకు అలాంటి మొరటు గీతల్లోనే మొదట పుట్టాయని చెప్పింది. తనకు పద్నాలుగేళ్ళప్పుడు ఇంట్లో అలమారా పైన అలాంటి కాగితాల కట్ట దొరికిందని, గీసిందెవరో నాన్నను ఎన్నిసార్లడిగినా తెలియదన్నారని, ఆ కట్టే తనకు బడి అని అంది. అండర్‌గ్రౌండట. గీసినవాడు ముప్పై రెండో అంతస్తులో వేలాడేవాడు.

ఎవరో ఆ దారం సంగతి అడిగారు. తన్మయి మొహం వెలిగింది. ఆ కాగితాలన్నిటిలో ప్రతి పేజీలో ఒక నిలువు గీత ఉందని, ఆ అజ్ఞాత చిత్రకారుడు దాన్ని ఎక్కడా వదల్లేదని, మనిషిని ఆకాశానికి కట్టి ఉంచే విధికి అది గుర్తు అనీ, ఏడేళ్ళు ఆలోచించాక తనకు అర్థమైందనీ చెప్పింది. భగవద్గీతకైనా అంత శ్రద్ధగా వ్యాఖ్యానం చెప్పినవాళ్ళు అరుదు.

నగేష్ లేచి నిలబడ్డాడు. లేవాలని అనుకోలేదు, మోకాళ్ళే లేచాయి.

"మేడం, అది విధి గాదు. జిరాక్స్ మిషన్ల అద్దానికి గాటున్నది. ఏం తీసినా గా గీత పడ్తది. రేషన్ కార్డు తీసినా పడ్తది."

హాలు గొల్లుమంది. వెనక ఏడు వరసలు ఒకలా నవ్వాయి, ముందు వరసలు ఇంకోలా. తన్మయి నవ్వలేదు. మైకు దించి అతన్నే చూసింది. మీకెలా తెలుసని అడిగింది. మూర్తిగారు మెడ తిప్పి వెనక్కి చూశారు. ఏడేళ్ళ కిందటి ప్రశ్న ఆ చూపులో అలాగే ఉంది: ఎవడు గీశాడు?

నగేష్, ఎవరో అనంగ విన్న అని కూర్చున్నాడు. కూర్చున్నాక తన మీద తనకే అసహ్యం పుట్టింది. గీత సంగతి చెప్పడానికి లేచిన నోరు గీసినవాడి పేరు దగ్గర పడిపోయింది.

బస్సు దగ్గరికి తన్మయి పరుగున వచ్చింది. చెప్పులు చేతిలో పట్టుకుని ఉంది. "అంకుల్, మీరేనా?" అంది.

నగేష్, ఆఖరి గడి ఎందుకట్ల చేసినవని అడిగాడు.

ఆ అమ్మాయి చెప్పులు కింద పెట్టింది. ప్రతి సంచికలో చివరి గడి చదివినవాళ్ళకోసమే వదిలారని తనకు అర్థమైందని, మిగతా కాపీల్లో రకరకాల చేతులు చూశానని, పన్నెండో దాంట్లో మాత్రం అది ఖాళీగా ఉంది కాబట్టి తాను నింపానని చెప్పింది. తర్వాత, దాచుకోవడం చేతకాని పిల్ల గనుక, ఇంకో మాట కూడా చెప్పింది.

"పూర్తిగా ఖాళీ కాదండీ. కంటి దగ్గర ఏదో మరక ఉంది. తుప్పో, నూనో. స్కాన్ చేశాక శుభ్రం చేసేశాను."

నగేష్‌కు బస్సు, రోడ్డు, మబ్బులేని ఆకాశం అన్నీ ఒక్క క్షణం ఆగిపోయాయి. ఆ కాగితం చూడాలన్నాడు. తెస్తానంది. ఈలోగా కారులోంచి మూర్తిగారు పిలిచారు.

ఆదివారం సాయంత్రం తన్మయి తల్హా కొట్టుకు వచ్చింది. క్యాంపులోకి ఆడపిల్లను రానివ్వరు. తల్హా రెండు స్టూళ్ళు వేసి కరక్ చాయ్ పెట్టించాడు. ఆమె ప్లాస్టిక్ కవర్లోంచి కాగితం తీసింది, గుళ్ళో ప్రసాదం అందించినంత భద్రంగా.

పన్నెండో సంచిక. నడుమ నల్ల గీత. చివరి గడిలో ఎండాసురుడు. వాడి కుడికన్ను మీద ఎర్రమట్టి రంగులో ఒక ముద్ద. నగేష్ దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టాడు. ముద్దలో గుండ్రంగా సన్నటి చారలున్నాయి. చారలను కోస్తూ అడ్డంగా ఒక తెల్లటి గాటు.

కాగితం తిప్పాడు. అటువైపు హాజరు పట్టిక. 'నీళ్ళు ఎక్కువ తాగండి'. కింద పేర్లు. పదిహేడో పేరు తిరుమలది. పక్కన నీలిరంగు వేలిముద్ర, అందులో అడ్డంగా అదే గాటు.

అతను రెండు వైపులూ ఆ అమ్మాయికి చూపించాడు. ఆమె ఒకసారి ఇటు, ఒకసారి అటు చూసింది. మూడోసారి తిప్పి ఆ గాటు మీద వేలు పెట్టింది.

నగేష్ ఫోన్ తీసి ఊరికి కలిపాడు. తిరుమల తల్లి గంగాబాయి ఎత్తింది. దుబాయ్ నుంచి నగేష్ చేసిండ్రా అని లోపలికి కేకేసింది. ఖతర్ అని ఆమెకు పదేళ్ళుగా చెబుతున్నారు, ఆమెకు సముద్రం అవతలంతా దుబాయే. తిరుమల తెర మీదికి వచ్చాడు. మొహం ఉబ్బి ఉంది, చేతికి పట్టీ ఉంది. నగేష్ కాగితాన్ని ఫోనుకు చూపించి, ఇదేందని అడిగాడు.

తిరుమల చూసి నవ్వాడు.

"ఇన్నేండ్లకు చూసినవా అన్నా. నాకు గీసుడు రాదని జెప్తి గద. పెట్టె మీద తుప్పున్నది, దాంట్ల ఏలు రుద్ది వాని కన్ను పొడిచిన. గట్టిగనే ఒత్తిన."

"గెలిచినవ్‌రా" అన్నాడు నగేష్. ఫోన్ పెట్టేశాడు.

తల్హా గల్లా వదిలి దగ్గరికి వచ్చాడు. భాష రాకపోయినా సంగతి అందినట్టుంది. నగేష్ మాట్లాడడం మొదలుపెట్టాడు. గొంతు పెంచలేదు, అదే ఎక్కువ భయపెట్టింది. మిషను చేసిన మరకను దేవుడి దారమన్నావు, మనిషి చేసిన ముద్రను మరకన్నావు, నీ చదువు నీకు నేర్పింది ఇదేనా అన్నాడు.

తన్మయికీ కోపం వచ్చింది. కళ్ళు తుడుచుకుని సూటిగా చూసింది.

"నేను దొంగతనం చేయలేదండీ. మీరే ఆ గడి వదిలారు. చదివినవాళ్ళు నింపాలన్నది మీరు పెట్టిందే కదా. నేనూ చదివాను, అందరికంటే ఎక్కువసార్లు చదివాను. నాకూ ఒక గడి లేదా?"

రివాజు అదే. దాన్ని కాదంటే తన కథనే తాను కాదనాలి. నగేష్ చాయ్ కప్పు అటు తిప్పి ఇటు తిప్పి, చివరికి అన్నాడు.

"ఉన్నది బిడ్డా. నీ గడి నీకున్నది. దాంట్ల నువ్వు వాణ్ణి నవ్విపియ్యి, ముద్దు వెట్టుకో, నేను అడ్డమా? కానీ గిది నీది గాదు. గిది నిండిన గడి. ఒకని గడి తుడిచి నీ గడి ఎందుకు చేసినవ్?"

చివరి దృశ్యం మార్చగలవా అని నగేష్ అడిగాడు. కన్ను ఒక్కటి చాలు. తాను రాత్రికి రాత్రి కూర్చుని మార్చగలనని, కానీ వచ్చే శుక్రవారం క్యాంపులో వేసే ఆటకు, ఆ తర్వాత బయటి దేశాల సినిమా పండగలకు పంపే ప్రతిని ఆమోదించేది కంపెనీ అని, ఆ మరకను మళ్ళీ పెట్టనా అని నాన్నను నిన్ననే అడిగానని చెప్పింది. మూర్తిగారు ఒకే ముక్క అన్నారట. మరకకు కూడా వాటా అడుగుతారా అని.

లేచేటప్పుడు కాగితాన్ని కవర్లో పెట్టలేదు. బల్ల మీదే వదిలింది. ఇది నాన్న మీ దగ్గరనుంచి తీసుకున్నది, నేను తిరిగి ఇస్తున్నానండీ అంది.

ఆమె వెళ్ళాక నగేష్ తల్హా వైపు చూశాడు. మూలన కొత్త జిరాక్స్ మిషను, రంగులది, గాటు లేనిది. ఎన్ని అని అడిగాడు తల్హా. గీత పడదు భాయ్, పర్వాలేదా అని కూడా అడిగాడు.

"గీత లేకున్నా నడుస్తది. ఏలు పడాలె."

ఏలు పడింది. తుప్పు రంగుతో, చారలతో, గాటుతో.

శుక్రవారం బర్వా అల్ బరాహా హాల్లో ప్రతి కుర్చీ మీద ఒక కాగితం ఉంది. అమర్ హాలు ఊడ్చేటప్పుడే పరిచిపోయాడు. కాగితం మీద ఒకే గడి, గడిలో ఒక మొహం, కంట్లో ఒక వేలు. కింద నగేష్ గోడ అక్షరాల్లో, సిమెంటు ప్రకటనంత లావున: 'చివరి గడి, తిరుమలది'. పాతవాళ్ళు చూడగానే గుర్తుపట్టారు. కొత్తవాళ్ళకు పాతవాళ్ళు చెప్పారు. సినిమా మొదలయ్యేలోగా తెలుగు, హిందీ, నేపాలీ, బంగ్లాల్లో ఎండాసురుడి జాతకం హాలంతా తిరిగొచ్చింది.

సినిమాను ఎవరూ అల్లరి చేయలేదు. సగం రెక్కల పక్షులు ఎగిరినప్పుడు ఈలలు కూడా వేశారు. నర్సింలయితే మనోని చెయ్యి ఎగురుతున్నది సూడుండ్రి అని వెనకవాళ్ళకు చూపించాడు. చివరి దృశ్యం వచ్చింది. తెర నిండా మొహం. కంట్లో నీటి బొట్టు. వాడు నవ్వాడు.

హాలు నవ్వలేదు. చప్పట్లు లేవు. మూడు వందల మంది ఒకరి తర్వాత ఒకరు తలవంచి చేతిలోని కాగితం చూశారు, మళ్ళీ తెర చూశారు. ఆ మౌనంలో ఆ నవ్వు తెర మీద వేలాడి వేలాడి వెలిసిపోయింది.

బయట గుమ్మం దగ్గర సినిమా పోస్టరుంది, నిలువెత్తుది, అదే మొహం. నర్సింలు ముందు వెళ్ళాడు. పక్కనున్న ఇనుప కటకటాల తుప్పు మీద బొటనవేలు రుద్దుకుని, పోస్టరు కంట్లో పొడిచాడు. వెనక అమర్. వెనక బిహారీలు. డ్యూటీ గేటు దగ్గర వేలు పెట్టడానికి నిలబడినట్టే లైను కట్టారు, యల్లా యల్లా, పద పద అని ఒకరినొకరు తోసుకుంటూ. ఇన్నేళ్ళూ వాళ్ళ వేలిముద్రలు వాళ్ళు హాజరని చెప్పాయి. ఈసారి వాటితో వాళ్ళు వేరే మాట చెప్పారు. పావుగంటలో కంటి చోట కన్ను లేదు, గోధుమరంగు మచ్చ ఉంది, దాని నిండా చారలు. తన్మయి, ఆ ఒక్క రోజుకు కంపెనీ ఇచ్చిన పాసు మెడలో వేసుకుని, పోస్టరు పక్కనే నిలబడి ఉంది. తన రెండేళ్ళ కష్టానికి కన్ను పోతుంటే ఎవరినీ ఆపలేదు.

మూర్తిగారు వచ్చేసరికి గుంపు రెండుగా విడి దారి ఇచ్చింది. ఆయన పోస్టరు చూశారు. ఆయన చెయ్యి తెలియకుండానే తన చెంప మీదికి పోయింది. చేతిలో ఒక కాగితం ఉంది, ఏదో ఫారం. జేబులోంచి పెన్ను తీశారు.

"ఎవడయ్యా ఇది గీసింది? ఇప్పుడైనా చెప్తారా లేదా?"

క్యాంపు ఏడేళ్ళ కిందటిలాగే నోరు మూసుకుంది. నర్సింలు నగేష్ చెయ్యి పట్టుకుని వద్దన్నట్టు ఒత్తాడు. కూతురి పెళ్ళి పెట్టుకున్నవాడివి, ఇంకా రెండేళ్ళు వీసా ఉందిరా అన్నట్టు ఒత్తాడు. నగేష్ ఆ చెయ్యి మెల్లగా విడిపించుకున్నాడు. మొన్న హాల్లో మోకాళ్ళు లేచి గొంతు కూర్చుంది. ఈసారి గొంతే ముందు లేచింది.

"నేను గీసిన సార్. నగేష్. పరంజా గ్యాంగు. రాసుకో."

మూర్తిగారు రాసుకున్నారు. పెన్ను మూత పెట్టబోతుంటే నగేష్ ఆపాడు.

"ఆగు సార్, కాలె. నేను ఒక్కణ్ణే గాదు. తిరుమల పేరు గూడ రాయి. వానికి నోటీసు పంపుడు, సంతకం తెప్పిచ్చుడు ఏం అక్కర్లేదు. వాని సంతకం ఏడేండ్ల సంది నీ ఇంట్లనే ఉండె."